గేర్‌కేసులో నూలు

పడవ మోటార్ల మెకానిక్‌ని అని చెప్పుకుంటే మా వైపు ఎవరూ వెంటనే నమ్మరు. పెళ్లిచూపులప్పుడు మా మామ, సుల్తానాబాద్‌లో వడ్ల వ్యాపారం చేసిన మనిషి, చాలాసేపు ఆలోచించి, “పిలగా, మీకు సముద్రం ఎటు దిక్కున్నది?” అని అడిగాడు. తూర్పున ఉంది, ఒక రాత్రంతా రైల్లో కూర్చుంటే వస్తుందని చెప్పాను. “మరి జీతం?” అన్నాడు. అది ప్రతి నెలా దానంతట అదే వస్తుందన్నాను. పిల్లనిచ్చాడు.

సముద్రం లేకపోతేనేం, మాకు డ్యాములున్నాయి. వానాకాలంలో డ్యాము వెనక నీళ్లు పరుచుకుంటే కొన్ని ఊళ్లకు దారి మునిగిపోతుంది. అప్పుడు అక్కడికి టీచరు వెళ్లాలన్నా, నర్సు వెళ్లాలన్నా పడవే. ఆ పడవల మోటార్లు బాగుచేయడానికి మా శాఖ నన్ను పెట్టుకుంది. పేరు ఓదెలు. ఉద్యోగంలో చాలాకాలం ఉన్నాను, ప్రమోషన్లు రెండొచ్చాయి, వాటి గురించి రాయను. రాయడానికి అవి కూడా ఒప్పుకోవు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. “అంకుల్, బోల్టు తిరుగుతున్నది గని బయటికొస్తలేదు” అంటారు. వీడియో పంపుతారు. వీడియోలో బోల్టు బాగానే కనిపిస్తుంది. బోల్టుకేం, అదెప్పుడూ బాగానే ఉంటుంది. పోయేది దాన్ని పట్టుకుని ఉన్న చోటు. ఆ సంగతి ఫోన్లో చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను. చెప్పేటప్పుడు నేను చేసిన ఒక తప్పును ఎప్పుడూ దాటేసేవాణ్ని. రాసేటప్పుడు దాటేస్తే కాగితం తెల్లగా మిగిలిపోయేలా ఉంది.

నీళ్లలో ఉండే గేర్లు

పడవ వెనక తగిలించే మోటారు మీరు చూసే ఉంటారు. పైన ఇంజను, మధ్యలో పొడుగాటి కాలు, ఆ కాలి చివర నీళ్లలో మునిగి ఉండే చేప లాంటి భాగం. ఆ చేపే గేర్‌కేసు. పైనుంచి నిలువుగా దిగొచ్చిన తిరుగుడును అది అడ్డంగా మళ్లించి, నీళ్లను తోసే పంకాకు ఇస్తుంది. లోపల గేర్లు, వాటి చుట్టూ ఆయిలు, బయట డ్యాము మొత్తం నీళ్లు. లోపలి ఆయిలుకూ బయటి డ్యాముకూ మధ్య ఉన్నవి రెండు రబ్బరు సీళ్లు, ఒక గుండ్రటి మూత, ఆ మూతను పట్టుకున్న రెండు బోల్టులు. అంత డ్యామును రెండు బోల్టుల మీద వదిలేశారేమిటని చేరిన కొత్తలో నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆయిలు వదిలి చూస్తే జబ్బు తెలుస్తుంది. నల్లగా ఉంటే వయసు. మెరుపు పొడి ఉంటే గేరు అరుగుతోంది. పాలెక్కువైన చాయ్ రంగులో ఉంటే నీళ్లు లోపలికి వచ్చాయి. నా మొదటి పెద్దసారు ఇదేమీ చూసేవాడు కాదు. మోటారు పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, చప్పుడు విని, “హెల్తీగ ఉన్నది” అనేవాడు. ఆయన హెల్తీ అన్న మోటార్లను నేను చాలాసార్లు ఒడ్డున నిలబడి తాడుతో లాగాను. చెవితో వినండి, తప్పులేదు. కానీ ఆయిలు వేలికి రాసుకుని చూడనిదే సంతకం పెట్టకండి.

చూడీ

బోల్టు మీద, దాని రంధ్రం లోపల మెలికలు తిరిగిన గీతలుంటాయి కదా, వాటిని పుస్తకాల్లో మరలు అంటారు. మా షెడ్లలో చూడీ అంటారు. ఉర్దూలో చూడీ అంటే గాజు కూడా. పేరు పెట్టినవాడు అనుభవం ఉన్నవాడే, రెండూ మోటు చేతికి ఆగవు. మరమ్మతు అనే మాటలో మర ముందే కూర్చుని ఉంది చూశారా? మమ్మల్ని చూసే ఎవరో కూర్చోబెట్టి ఉంటారు.

గేర్‌కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఉప్పు నీళ్లు తగిలితే ఈ రెండింటి మధ్యా తెల్లటి సున్నం లాంటి పొడి పేరుకుని, బోల్టు లోపలే అతుక్కుపోతుంది. బలం పెట్టి తిప్పితే ఉక్కుకు ఏమీ కాదు. అల్యూమినియం చూడీ మాత్రం ఊడి, బోల్టు చుట్టూ తీగలా చుట్టుకుని బయటికి వస్తుంది. ఆ క్షణంలో చేతికి ఒక మెత్తదనం తెలుస్తుంది. బోల్టు వదులైనప్పుడు కూడా మెత్తగానే ఉంటుంది, కానీ అది ఒక్కసారిగా, టక్కుమని వస్తుంది. చూడీ పోతున్నప్పుడు మెత్తదనం మెల్లగా వస్తుంది, కొత్త సబ్బును కత్తితో కోసినట్టు. ఈ తేడా చేతికి రావడానికి నాకు ఏళ్లు పట్టింది. మీకూ పడుతుంది. వచ్చేదాకా బలం చాలదని పానాకు పైపు తొడగకండి.

నేను తొడిగాను.

సముద్రం చూసొచ్చిన మోటారు

ఆదిలాబాద్ వైపు ఒక ప్రాజెక్టు దగ్గర క్యాంపులో ఉన్నప్పటి మాట. అక్కడ పడవ నడిపేది పోశెట్టి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, ఇచ్చోడ దగ్గర పల్లెవాడు. చుట్టూ పత్తి తప్ప చెరువు కూడా సరిగా లేని చోట పుట్టి, నీళ్ల మీద బతికేవాడు. పదకొండేళ్లుగా దినకూలీ మీదే నడుపుతున్నాడు. ఒక్కసారి తీసేస్తే మళ్లీ పెట్టుకోరని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అందుకే వర్షంలో కూడా పడవను తుడిచేవాడు. వర్షం తుడవదా అన్నా అంటే, “అది తడుపుతది, నేను తుడుస్త, ఎవ్వని పని వానిది” అనేవాడు.

ఆ ఏడాది మా మోటారు పాడైతే, కోస్తా నుంచి వాడిన మోటారు ఒకటి వచ్చింది. సముద్రం చూసొచ్చిన మోటారని అందరం గౌరవంగా చూశాం. ఒక శుక్రవారం ఆయిలు వదిలితే చాయ్ వచ్చింది. సీళ్లు మార్చాలి. మార్చాలంటే ఆ గుండ్రటి మూత బయటికి రావాలి, దాని రెండు బోల్టులు విప్పాలి. ఎడమ బోల్టు మర్యాదగా వచ్చింది. కుడిది కదల్లేదు. కిరసనాయిలు పోశాను, కాసేపు ఆగాను. అక్కడ ఇంకా ఆగాల్సింది. వేడి చేయాల్సింది, సుత్తితో తల మీద చిన్నగా తట్టాల్సింది, ముందుకు కొంచెం, వెనక్కు కొంచెం ఆడించాల్సింది. మర్నాడు పొద్దున ఆవలి ఊళ్లకు టీకాల పెట్టెతో నర్సు వెళ్లాలి. తొందరలో పానాకు పైపు తొడిగాను. సబ్బు కోసినట్టయింది. బోల్టు బయటికి వచ్చింది, దాని చుట్టూ వెండి రంగు తీగ చుట్టుకుని. గేర్‌కేసు లోపలి చూడీ మొత్తం అదే.

ఆ తీగను విప్పి ఎండలో పెట్టి చూశాను. నిజం చెప్పాలంటే ఎంతో అందంగా ఉంది. ఎన్ని చుట్లో లెక్కపెట్టాను కూడా. ఆ తర్వాతే భయం వేసింది.

కండె

మా ఇంట్లో అందరూ సాంచాల మీద బతికినవాళ్లు. సాంచా అంటే మగ్గాన్ని కరెంటుతో నడిపే యంత్రం. మా బాపు సాంచాలు బిగించేవాడు. అప్పటి సాంచాల్లో చెక్క భాగాలు చాలా ఉండేవి. చెక్కలో దిగిన బోల్టు వదులైతే బాపు కండె నుంచి నాలుగు మూరల నూలు తీసి, వార్నిషులో ముంచి, బోల్టుకు చుట్టి బిగించేవాడు. నూలు చెక్కను పట్టుకునేది, సాంచా మళ్లీ ఊగేది. నేను ఉద్యోగంలో చేరిన రోజు బాపు నా పనిముట్ల పెట్టెలో ఒక కండె పెట్టాడు, ఎక్కడో అక్కడ పనికొస్తుందని. చేతులు తుడుచుకోవడానికి, తీగలు కట్టడానికి వాడుతుండేవాణ్ని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ కండె తీశాను. కొత్త సీళ్లు వేశాను, మూత పెట్టాను, ఎడమ బోల్టు సరిగా బిగించాను. కుడి బోల్టుకు వార్నిషులో ముంచిన నూలు చుట్టి రంధ్రంలోకి దింపాను. బిగుతుగానే కూర్చుంది. చేత్తో కదిపి చూస్తే రాయిలా ఉంది. నూలు చెక్కను పట్టుకుంటుంది గానీ, వేడెక్కిన అల్యూమినియాన్ని, అదీ ఆయిలు పక్కన, పట్టుకోదని నాకు తెలియదా? తెలుసు. అడిగితే పరీక్షలో రాసేవాణ్ని. చెయ్యి మాత్రం ఇంట్లో నేర్చుకున్నదే చేసింది. పోశెట్టికి మోటారు బాగైందని చెప్పాను. బోల్టు సంగతి చెప్పలేదు.

ఏడు రోజులు బాగా నడిచింది. ఆ ఏడు రోజులూ నేనొక కొత్త పద్ధతి కనిపెట్టాననే అనుకున్నాను.

వల దారం

ఎనిమిదో రోజు, శనివారం, నీళ్ల మధ్యలో మోటారు కటకటమని ఆగిపోయింది. పడవలో నర్సు, ఒక టీచరు, ఇద్దరు ఊరివాళ్లు. గాలి ఎదురుగా కొడుతోంది. పోశెట్టి తెడ్డుతోనే రెండు గంటలు లాగి ఒడ్డుకు తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. టీకాల పెట్టెలో మంచు కరిగిపోయి, తెచ్చిన మందు పనికిరాకుండా పోయింది. పోశెట్టి అరచేతులు బొబ్బలెక్కాయి.

మా ఇంజనీరు మేడం అప్పటికప్పుడే క్యాంపుకు వచ్చారు. ఆమె గురించి ఒక మాట రాయాలి. నేను చూసిన ఆఫీసర్లలో మెట్లు దిగి షెడ్డులోకి వచ్చి, నేల మీద గొంతుకూర్చుని మోటారు చూసిన మనిషి ఆమె ఒక్కరే. చూసేది బాగా చూస్తారు. ఆ రోజు అదే నా ఇబ్బంది.

ఆమె ముందే గేర్‌కేసు విప్పాను. మూత ఒక పక్కకు వాలి ఉంది. లోపల చాయ్ కాదు, బురద. బేరింగు నుజ్జయింది. గేరు పళ్లకు చుట్టుకుని చిన్న నల్లటి దారపు ఉండ. మేడం దాన్ని పట్టకారతో తీసి చూశారు. ఆ వారం రెండు వలలు తెగాయని చేపలు పట్టేవాళ్లు అప్పటికే ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు. పంకా వల మీదుగా పోతే దారం చుట్టుకుని సీళ్లను కోసేయడం మా పనిలో రోజూ చూసేదే. మేడం రెండూ కలిపి చూశారు. కలిపితే సరిగ్గా కలిసే లెక్క అది.

“వల మీదికెళ్లి నడిపినవా?” అని పోశెట్టిని అడిగారు.

“లేదు మేడం. వలలు ఏడేడున్నయో నాకు ఎరుకే. పక్కపొంటి పోత.”

“మరి గీ దారం ఏడికెళ్లి వచ్చింది?”

పోశెట్టి నా వైపు చూశాడు. నా మీద అనుమానంతో కాదు. మోటారు లోపలి సంగతి మెకానిక్‌కు తెలుస్తుందని మాత్రమే చూశాడు. నేను బేరింగు వైపు చూశాను. బేరింగు ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

మేడం దారాన్ని ఒక కాగితపు కవరులో వేసి మడిచారు. నలుగురి ప్రాణాలతో ఆట కాబట్టి సోమవారం పోశెట్టిని పని నుంచి తీసేస్తూ పైకి రాస్తానని చెప్పి వెళ్లారు. పోశెట్టి కాళ్లకు చెప్పులు విడిచాడు. బొబ్బల చేతుల్తోనే పడవలోని నీళ్లు తోడడానికి వెళ్లాడు. ఇక ఆ పడవ అతనిది కాదని చెప్పినా, తోడడం మానలేదు.

జబ్బార్ భాయ్ లేతు

ఆదివారం గేర్‌కేసు గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కి కరీంనగర్ వచ్చాను. జబ్బార్ భాయ్ లేతు దుకాణం సెలవు రోజుల్లో కూడా సగం షట్టరు తెరిచి ఉంటుంది. బోరు మోటార్ల ఇరుసుల నుంచి సైకిల్ పెడళ్ల దాకా ఊళ్లో పోయిన చూడీ ఏదైనా ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన చేసింది ఇక్కడ వివరంగా రాస్తాను. మీకు అసలు పనికొచ్చే ముక్క ఇదే.

ముందు రంధ్రాన్ని పెట్రోలుతో కడిగాడు. ఒక సన్నటి పుల్ల లోపల పెట్టి లోతు కొలిచి, అంత లోతు దగ్గర డ్రిల్లు బిట్టుకు రంగు టేపు చుట్టాడు. ఆ గుర్తు దాటితే ఆయిలు దారిలోకి రంధ్రం పడుతుంది, ఇక దానికి మందు లేదు. చేత్తో పట్టుకునే డ్రిల్లు వద్దన్నాడు. గేర్‌కేసును నిలబెట్టి, మట్టం చూసి, స్టాండు డ్రిల్లుతో నిదానంగా రంధ్రాన్ని కాస్త పెద్దది చేశాడు. తర్వాత చూడీ కోసే ట్యాపుకు గ్రీజు పూశాడు. జారడానికేమో అనుకున్నాను. అల్యూమినియం పొట్టు లోపల రాలకుండా గ్రీజుకు అంటుకోవడానికట. ముందుకు సగం చుట్టు, వెనక్కు పావు చుట్టు. ప్రతిసారీ బయటికి తీసి తుడిచాడు. నాకు విసుగొచ్చింది. ఆయనకు రాలేదు.

అప్పుడు ఒక చిన్న ఉక్కు స్ప్రింగు తీశాడు. విప్పి చూస్తే దాని తీగ అడ్డకోత డైమండు గుర్తులా ఉంది. దాన్ని కొత్త చూడీలోకి తిప్పుతూ దింపాడు, పై అంచు కంటే ఒక చుట్టు లోపలికి పోయేదాకా. దాని అడుగున చిన్న తోక ఉంటుంది, తిప్పడానికి పట్టు. పని కాగానే పుల్లతో తట్టి ఆ తోకను విరిచి, పట్టకారతో బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. “గిన్నియ్యి లెక్కపెట్టుకో. లోపల మర్చిపోతే గేరు నములుతది.”

ఇప్పుడు పాత కొలత బోల్టే ఆ స్ప్రింగు లోపల బిగుస్తుంది. బోల్టు ఉక్కు, అది తగిలే చూడీ కూడా ఉక్కు. అల్యూమినియం మీద పడే బరువు ఎక్కువ చోటుకు పంచుకుంటుంది. మొదటిదానికంటే బాగుచేసిందే గట్టిది. అది వినగానే నాకు ఎంత ఆశ్చర్యమైందంటే, కాసేపు నా కష్టం కూడా మర్చిపోయాను. ఎడమ రంధ్రానికి కూడా ఇదే వేయమన్నాను. “దానికేమైంది?” అన్నాడు. ఏమీ కాలేదన్నాను. కాకముందే వెయ్యడమెందుకని నవ్వి వదిలేశాడు.

చేతులు తుడుచుకుంటూ రంధ్రం నుంచి కడిగి తీసిన చెత్త చూపించాడు. నల్లటి పోగు ఒకటి దాంట్లో ఉంది.

“ఏందియా ఓదెలు, గిది?”

“వల దారం భాయ్. పంకాకు చుట్టుకున్నది.”

ఆయన ఆ పోగును రెండు వేళ్ల మధ్య నలిపాడు. “వల దారం సీలు కాడ దొరకాలె. గిది బోల్టు బొక్కల దొరికింది.” “ఎవరికన్న పరేషాన్ ఉన్నదా దీనితోని?” అని అడిగాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను. సగం దుకాణంలో, సగం పక్కన చాయ్ హోటల్లో. విని జబ్బార్ భాయ్ తిట్టలేదు.

“నేను మోటారుకు చూడీ ఏసిన. గంతే నాతోని అయ్యేది” అని మాత్రం అన్నాడు.

అగ్గిపెట్టె

ఇక్కడ మీరు నన్ను మంచివాణ్ని అనుకోకండి. తిరుగు బస్సులో కూర్చుని నేను ఆలోచించింది ఒప్పుకోవడం గురించి కాదు. మోటారు ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది కదా, ఒకరిద్దరు చెబితే మేడం పోశెట్టిని క్షమిస్తారేమో అని. అతను చేయని తప్పుకు అతనికి క్షమాపణ ఇప్పించే పనిలో ఉన్నానన్నమాట. బస్సు చాలా సేపు నడిచింది కాబట్టి ఆ ఆలోచన ఎంత రోతగా ఉందో చూసుకోవడానికి నాకు సమయం దొరికింది.

సోమవారం పొద్దున మేడం గదికి వెళ్లాను. పోశెట్టిని కూడా పిలిచి ఉన్నారు, కాగితం ఇవ్వడానికి. ఆ కవరు బల్ల మీదే ఉంది. దారాన్ని ఒక్కసారి చూడనిమ్మని అడిగాను. పెట్రోలులో కడిగి, కిటికీ దగ్గర ఆరబెట్టాను. ఒడ్డున తెగి పడి ఉన్న వల నుంచి నాలుగు వేళ్ల దారం జేబులో తెచ్చుకున్నాను. రెండింటినీ పళ్లెంలో పక్కపక్కన పెట్టాను.

సాంచాల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ పరీక్ష నడక వచ్చినప్పుడే వస్తుంది. వల దారానికి అగ్గిపుల్ల చూపించాను. అది ముడుచుకుని, కరిగి, నల్లటి పూసైంది. ప్లాస్టిక్ వాసన వచ్చింది. గేర్‌కేసు దారానికి చూపించాను. అది కరగలేదు. మంటతో, కాగితంలా కాలింది. ఊదితే బూడిద ఎగిరింది.

మేడం మళ్లీ వెలిగించమన్నారు. మళ్లీ కాలి బూడిదైంది. ఈసారి ఆమె పూసను గోటితో నొక్కి చూశారు, బూడిదను వేలితో రాసి చూశారు.

“ఇది పత్తి నూలు” అన్నారు. “వలల్ల ఇది ఉండదు.”

“ఉండదు మేడం. ఇది మా ఇంటి నూలు. నా డబ్బాల కండె ఉన్నది. చూడీ నేనే పోగొట్టిన. నూలు చుట్టి నేనే బిగించిన. పోశెట్టన్నకు చెప్పలే.”

 మేడం పోశెట్టి కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేశారు. నా సంగతి తర్వాత చూస్తానన్నారు. చూశారు కూడా. అవి కాగితాల విషయాలు, ఇక్కడ వద్దు. వలలను తెంపిందెవరో మాత్రం ఎన్నటికీ తేలలేదు. మొసలి అని కొందరన్నారు. దానికి అగ్గిపుల్ల పరీక్ష లేదు.

ఒకటి మాత్రం చెబుతాను. తప్పు చేసిన మెకానిక్‌ను వెంటనే ఇంటికి పంపే ఆఫీసర్ల దగ్గర మెకానిక్‌లు తప్పులు చేయడం మానరు, చెప్పడం మానేస్తారు. మేడం నన్ను ఇంటికి పంపలేదు. ఆ తర్వాత చూడీ పోయిన ప్రతిసారీ నేనే ముందు వెళ్లి చెప్పాను. అలా చెప్పిన సందర్భాలు మీరు అనుకునేదానికంటే ఎక్కువే.

 పోశెట్టి మేడం వైపు తిరిగి ఒకటే అడిగాడు. మోటారు తయారైనాక మొదటి ట్రిప్పులో ఈ మనిషి పడవలో కూర్చోవాలని, కూర్చుంటేనే నడుపుతానని.

ఆవలి ఒడ్డు

మా షెడ్డులో అదే రకం మోటారు ఒకటి డొక్క పగిలి మూలన పడి ఉంది. దాని బేరింగు, గేర్లు తీసి ఇందులో వేశాను. కొత్త సీళ్లు. రెండు బోల్టులకూ పలచగా గ్రీజు పూసి, పైపు లేకుండా, ఒకసారి ఇది ఒకసారి అది అన్నట్టు కొంచెం కొంచెంగా బిగించాను. ఆయిలు కింది రంధ్రం నుంచి పైకి నింపాను. పైనుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది, గుర్తుంచుకోండి. ఒక రోజంతా నీళ్ల డ్రమ్ములో నడిపి, ఆయిలు వదిలి వేలికి రాసుకుని చూశాను. తేనె రంగు.

గురువారం పొద్దున పడవెక్కాను. అంతకుముందు ఆ ఉద్యోగంలో నేను బాగుచేసిన మోటార్లను ఒడ్డున నిలబడే చూసేవాణ్ని. నాకు ఈత రాదు. ఈత రాని పడవ మెకానిక్ ఉండటం ఎవరికీ వింతగా అనిపించలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

పోశెట్టి నన్ను ముందు బల్ల మీద, తనకు ఎదురుగా కూర్చోబెట్టాడు. మోటారు చప్పుడు బాగుంది. చేతుల బొబ్బల మీద గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఒడ్డు చిన్నదైంది. మునిగిన తుమ్మ చెట్ల కొమ్మలు దాటాం. వలల చివర తేలే సీసాలు కనిపిస్తే వాటి పక్కనుంచి, ఒక్కదాన్నీ తాకకుండా వంపులు తిప్పుతూ పోయాడు. ఆ తిప్పడం నాకు చూపించడానికేనని అర్థమైంది.

సరిగ్గా నీళ్ల మధ్యలో మోటారు ఆపేశాడు.

 పడవ తనంతట తాను మెల్లగా పక్కకు తిరిగింది. గాలి ఉంది. రెండు ఒడ్లూ సమానమైన దూరంలో, రెండూ సన్నటి గీతల్లా ఉన్నాయి. నేను బల్లను పట్టుకున్న పట్టు చూసి పోశెట్టి బీడీ తీశాడు కానీ వెలిగించలేదు.

“ఈత వస్తదా ఓదెలు?”

“రాదన్నా.”

“నర్సమ్మకు గూడ రాదు. గా పంతులుకు గూడ రాదు.” “గా దినం గీడనే ఆగింది. గింతే గాలి. నడిపేటోన్ని నేను, నాకు చెప్పొద్దా? బోల్టు వోయింది అన్నా, నాలుగు దినాలు నడ్పకు అంటే, నేను వద్దంటుంటినా?”

“అనకపోతుంటివి.”

“మరెందుకు చెప్పలే?”

 అప్పుడు నోటికి వచ్చిన జవాబే చెప్పాను. “షరమైంది అన్నా, సిగ్గైంది. మెకానిక్‌ను కదా.”

 పోశెట్టి లేచి, పడవ ఊగకుండా అడుగులు వేసుకుంటూ వచ్చి నా చోట కూర్చున్నాడు. నన్ను వెనక్కి, మోటారు దగ్గరికి పొమ్మన్నాడు.

“నువ్వే గుంజు.”

తాడు పట్టుకుని లాగాను. ముక్కి ఆగిపోయింది. రెండోసారి లాగాను. ఏమీ లేదు. చోక్ సంగతి గుర్తొచ్చి లోపలికి నొక్కి మూడోసారి లాగితే అందుకుంది. పంకా నీళ్లను పట్టిన అదురు కాళ్ల కింది పలకల్లోంచి తెలిసింది. పడవ నడపడం నాకు రాదు, హ్యాండిల్ కుడికి తోస్తే ఎడమకు పోతుందని కూడా అప్పుడే తెలిసింది. పోశెట్టి ముందు కూర్చుని, వెనక్కి తిరక్కుండానే, సీసాలు కనపడ్డప్పుడల్లా గుడ్డ చుట్టిన చేత్తో ఇటు, అటు అని చూపిస్తూ పోయాడు.

ముందురోజు చేపల తెప్ప మీద దాటి టీకాలు వేసొచ్చిన నర్సు, తిరుగు ప్రయాణానికి ఆవలి ఒడ్డున ఖాళీ పెట్టె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. నడుపుతున్నది నేనని గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేసింది. పోశెట్టి పడవ దిగి, తాడు కట్టి, పెట్టె అందుకోవడానికి చేతులు చాచాడు.

“ఎక్కు నర్సమ్మా” అన్నాడు. “మెకానిక్ గూడ మనతోని వస్తుండు.”